కాటాకు నోరుండదు

శ్రీకాకుళం వైపు పోయి వచ్చినవాళ్లు గుళ్ల గురించీ కొండల గురించీ రాస్తారు. నేను ఐదు రోజులు తిరిగింది ఒక కాగితం ఒక మనిషి చేతికి ఇవ్వడానికి. ఆ పనైనా నెరవేరిందా అంటే అదీ లేదు. ఇది ముందే చెప్పేస్తే మంచిది. విందుకని పిలిచి గంజి పోయడం నాకు చేతకాదు.

నేను తత్వశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. దానితోపాటు నాలుగేళ్లుగా ఒక పరిశోధన గ్రంథం రాస్తున్నాను. మనిషి బదులు నిర్ణయాలు చేసే యంత్రాలు వస్తే, ఆ నిర్ణయాల్లోని మంచిచెడ్డలకు ఎవరు పూచీ అన్నది నా విషయం. మా ఆచార్యులుగారు తప్ప ఇంకెవరూ దీన్ని చదువు కింద జమకట్టలేదు. "ఇంకా పుట్టని బిడ్డకు జాతకం రాస్తున్నాడు మా అల్లుడు" అని మా మామగారు నలుగురిలో అనేవారు. విదేశాల్లో పండితులు యంత్రం ఆలోచించగలదా లేదా అని జుట్లు పట్టుకుంటున్న రోజులు. వాళ్ల వ్యాసాలు తెప్పించుకుని చదివి, మూడో అధ్యాయంలో ఒక మాట గట్టిగా రాశాను. యంత్రానికి రాగద్వేషాలు లేవు గనక దాని తీర్పు మనిషి తీర్పుకన్నా శుభ్రమైనదనీ, అది పొరబడినా ఆ పొరపాటుకు దోషి ఉండడనీ, తుఫానుకు దోషి లేనట్టే ఇదీ అనీ.

ఆ అధ్యాయం రాస్తున్న వేసవిలోనే నాకు ఒక పని అప్పజెప్పారు. ప్రైవేటుగా బి.ఏ. రాసేవాళ్ల మార్కులు ఆ ఏడు కొత్తగా లెక్కల యంత్రంతో కట్టించారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. అట్ట కార్డులకు చిల్లులు పొడిచి యంత్రంలో పెడితే అది పట్టీలు అచ్చుకొట్టి ఇస్తుంది. ఆ పట్టీలను జవాబు పత్రాలతో వరసవరసా సరిచూసి అడుగున సంతకం పెట్టాలి. నేను మొదటి రెండు పట్టీలు సరిచూశాను. ఒక్క తప్పు లేదు. మిగతావి చూడకుండానే సంతకాలు పెట్టి, ఇంటికి పోయి, యంత్రం తీర్పు ఎంత శుభ్రమైనదో ఇంకో నాలుగు పేజీలు రాసుకున్నాను.

చూడని పట్టీల్లో ఒకదాంట్లో నౌపడ ఉప్పు కొఠారులో కాటా వేసే కూర్మారావు అనే మనిషి ఉన్నాడు. తర్కం పేపర్లో అతనికి వచ్చినవి అరవై రెండు. యంత్రం కొట్టింది రెండు. జూన్లో ఫలితాలు వచ్చినప్పుడు అతను తప్పాడు. ఎప్పుడో డిసెంబరులో పాత కట్టలు తిరగేస్తుంటే ఈ సంగతి బయటపడింది. సరిదిద్దిన మార్కుల కాగితం రిజిస్టరు కవరులో రెండుసార్లు పంపారు. చిరునామాదారు ఊళ్లో లేడని రెండుసార్లూ తిరిగొచ్చింది. ఆచార్యులుగారు ఆ కవరు నా ముందు పెట్టి, "మీరే పట్టుకెళ్లండి. యంత్రం వల్ల నష్టపోయిన మనిషి దొరకడం మీ పరిశోధనకు అదృష్టం. ఏమనుకుంటున్నాడో అడిగి రాసుకురండి" అన్నారు. సంతకం నాదని ఆయనకు తెలుసు. ఆ మాట ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు. నోటుపుస్తకంలో తొమ్మిది ప్రశ్నలు రాసుకుని మాఘమాసం చివర్లో రైలెక్కాను.

విజయనగరంలో అరగంట

రైలు తెల్లారేసరికి విజయనగరంలో దింపింది. నౌపడ పోయే పాసింజరుకు ఇంకా చాలా వ్యవధి ఉంది. స్టేషను బయట హోటల్లో కూర్చున్నాను. ఇడ్లీ మెత్తగా ఉంది, పచ్చడి కళ్లలో నీళ్లు తెప్పించింది, కాఫీతో కలిపి అర్ధరూపాయి. మా తెనాలిలో ఇంతకన్నా మంచి కాఫీ దొరుకుతుందని అనుకున్నాను. తెనాలివాడు ఏ ఊళ్లో కాఫీ తాగినా ఆ మాట అనుకోకపోతే గొంతు దిగదు.

తలెత్తి చూస్తే గోడ గడియారంలో ఎనిమిదయింది. నా చేతి గడియారంలో ఏడున్నర. నాదే ఆగి నడిచిందేమో, బండి వెళ్లిపోతుందేమోనని గాభరాగా లేచాను. లేవడంలో సాంబారు గిన్నె పంచె మీద ఒలికింది. గల్లా దగ్గర కూర్చున్న ముసలాయన నవ్వలేదు.

"కూకోండి బాబూ. అది అరగంట ముందుంటాది. పదేళ్లై అలగే ఉన్నాది."

"బాగు చేయించకూడదా?"

"ఎందుకండీ? ఈ ఈదిలో అందరికీ తెల్సు. అరగంట తీసీసి సూసుకుంటారు. ఇప్పుడు బాగు సేయిస్తే అందరికీ బండ్లు తప్పిపోతాయి."

తప్పు చూపిస్తుందని తెలిసిన యంత్రం వల్ల ఎవరికీ చేటు లేదు అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. మంచి వాక్యం దొరికిందని మురిసిపోయాను కూడా. అందులో సగం మాటే ఉందని సాలూరు పోయేదాకా తెలియలేదు.

పాసింజరులో ఎండుచేపల గంపతో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. నేను ముక్కు దగ్గర తువ్వాలు పెట్టుకున్నాను.

"ఏటి బాబూ, అలగ మూసుకున్నావు? గాలాడక సచ్చిపోగల్వు" అంది. ఎక్కడికని అడిగింది. నౌపడ, కూర్మారావు అని కాటా వేసే మనిషి కోసం అన్నాను.

"బియ్యే కూర్మారావా? ఆడు పరీచ్చ తప్పిపోనాడు కాద్దా" అంది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కూర్మారావు ఇంటికి ఎప్పుడూ పోలేదట. కాని అతను తప్పాడన్నది మాత్రం గంపలో చేపలతో పాటు ఊరూరా తిరిగింది. ఒక పట్టీలో ఒక అంకె పడిపోతే అది ఎంత దూరం పోతుందో నా అధ్యాయంలో ఎక్కడా రాయలేదు.

నౌపడ

నౌపడ స్టేషన్లో దిగితే ఒక పక్క పర్లాకిమిడి వైపు పోయే చిన్న రైలు బొమ్మలా నిలబడి ఉంటుంది. ఇంకో పక్క కనుచూపు మేర ఉప్పు మడులు. మధ్యాహ్నపు ఎండ ఆ తెలుపు మీద పడి కళ్లు తెరవనివ్వదు. గట్ల మీద ఉప్పు రాశులు, వాటి మీద తాటాకులు. మా వైపు పొలం అంటే పచ్చగా ఉండాలి. పచ్చన అనేది ఎక్కడా లేని పొలంలో మనుషులు వంగి పనిచేస్తూ ఉంటే చూడటానికి దిగులేసింది.

కొఠారు పక్కన వరసగా ఉన్న పూరిళ్లలో కూర్మారావు ఇల్లు చూపించారు. సాయంత్రం అతని భార్య నరసమ్మ మడుల నుంచి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఉప్పునీళ్లలో నాని ఆమె పాదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. గడప బయట చాప వేసి కూర్చోమంది.

"ఆయన నేరు. జూన్లో ఎలిపోనారు" అంది.

నేను కవరు విప్పి కాగితం చదివి వినిపించాను. "ఆయన పాసయ్యాడమ్మా. అరవై రెండు వచ్చాయి. తప్పాడని పడటం పొరపాటు."

సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. "నాను సెప్పినాను" అంది, నాతో కాదు, గోడతో అన్నట్టు. "నాను అప్పుడే సెప్పినాను. ఎవులూ ఇన్నేదు." తరవాత నా వైపు తిరిగింది. "పొరపాటు ఎవుల్ది బాబూ?"

"యంత్రానిదమ్మా."

"మిషనుది సరే. ఎవుల సెయ్యి?"

"ఎవరి చేయీ కాదు. అది చాలా పెద్ద యంత్రం. కార్డులు, చిల్లులు..." అంటూ నీళ్లు నమిలాను. ఆడలేక మద్దెల ఓడు అనడం తెలుసు గాని, నాలుగేళ్లు చదివి మద్దెల మీద తత్వశాస్త్రం రాసినవాణ్ణి నేనే అయి ఉంటాను.

"మరైతే మీరెవులు?"

"కాగితం ఇవ్వడానికి వచ్చినవాణ్ణి."

ఆమె కాగితం వైపు చెయ్యి చాపలేదు. "ఆయన కాగితం ఆయనకే ఇయ్యండి. ఏ తోవ పోనారో నాకు తెల్దు. శ్రీముకలింగంలో మేనమావ ఉన్నాడు, ఆల్ని అడగండి" అంది.

దాహంగా ఉంది, కాసిని నీళ్లు ఇమ్మని అడిగాను. బిందె నా కళ్లెదుటే ఉంది. ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, "కొఠారు కాడ కుండ ఉన్నాది బాబూ. అక్కడ తాగండి" అంది. మా వైపు పగవాడు గుమ్మంలోకి వచ్చినా ముందు మంచినీళ్లు ఇచ్చి తరవాత తిడతారు. ఇంత దూరం మంచి కబురు మోసుకొస్తే ఇదా మర్యాద అని కోపం వచ్చింది. ఆ కోపంతోనే కొఠారు మేస్త్రి లచ్చయ్య ఇంటి వసారాలో పడుకున్నాను. ఆయన పెట్టిన చోడి అంబలి, మా వైపు రాగి అంటాం, ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగాను. చల్లగా, కమ్మగా ఉంది. అదైనా మెచ్చుకోకపోతే నేను మనిషినే కాదు.

ఉప్పు తినడం

మర్నాడు పొద్దున్న కొఠారు దగ్గరకు పోతే పని మొదలవలేదు. అందరూ ఒక ఇంటి ముందు గుమిగూడి ఉన్నారు. ముందురోజు ఒకావిడ గంపల తూకం తక్కువ వచ్చిందట. పొద్దున్నే చూస్తే కాటా కొక్కేనికి ఉప్పు పట్టి తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. ఇప్పుడు కాటా వేస్తున్న నడివయసు మనిషి ఆమె గడప ముందు నిలబడ్డాడు. ఎడమ చేతిలో చిటికెడు ఉప్పు. "నా సెయ్యి తప్పినాది" అని అందరికీ వినపడేలా మూడుసార్లు అని, ఉప్పు నోట్లో వేసుకున్నాడు. ఆవిడ లోపలికెళ్లి చెంబు తెచ్చి అతని దోసిట్లో నీళ్లు పోసింది. అతను తాగాడు. అంతే, అందరూ గంపలు ఎత్తుకుని మడుల్లోకి దిగిపోయారు.

నేను లచ్చయ్యను పట్టుకున్నాను. "కొక్కేనిది గదా తప్పు? తుప్పు పట్టిందని మీరే అన్నారు. అతని చేయి ఏం తప్పింది?"

"తుప్పు కాటాది బాబూ. సూడకపోడం ఈడిది. కాటాకి నోరున్నాదేటి, ఉప్పు తినడానికి? నోరున్నోడే తినాల."

"నీళ్లెందుకు?"

"నీల్లిస్తే ఒప్పుకున్నట్టు. ఇయ్యకపోతే మల్లీ ఎల్లాల. ఇచ్చిందాకా ఎల్లాల. అంతవరకూ ఆడు కాటా ముట్టడు." చుట్ట ముట్టించుకుని మళ్లీ అన్నాడు. "తప్పు మోసుకొచ్చినోడికి ముందుగా నీల్లియ్యరు బాబూ. ముందిచ్చీస్తే ఆడికి నోరు పెగల్దు. సల్లగా తాగీసి ఎలిపోతాడు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నోటి మీదికి పోయింది. నరసమ్మ నిన్న నన్ను అవమానించలేదు. నాకు అవకాశం ఇచ్చింది. "ఎవుల సెయ్యి" అని అడిగి, బిందె పక్కనే పెట్టుకుని, నేను నోరు తెరుస్తానేమోనని చూసింది. నేను పోస్టుమాన్‌నని చెప్పుకున్నాను.

"కూర్మారావు ఆరేళ్లు కాటా ఎత్తినాడు. మూడుసార్లు ఉప్పు తిన్నాడు. ఎప్పుడూ సిగ్గుపడ్నేదు" అన్నాడు లచ్చయ్య.

ఇరవై అడుగుల దూరంలో నరసమ్మ మడిలో ఉప్పు గీస్తోంది. తలెత్తి నా వైపు చూడలేదు. గట్టు దిగి పది అడుగులు వేస్తే సరిపోయేది. ముందు ఆమె భర్తకు చెప్పడం న్యాయం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తత్వశాస్త్రం చదివినవాడికి వాయిదాలకు కారణాలు కొదవుండవు. గట్టు మీది రాశిలోంచి గుప్పెడు ఉప్పు తీసి, నోటుపుస్తకంలో ప్రశ్నలున్న కాగితం చించి అందులో పొట్లం కట్టుకుని స్టేషనుకు నడిచాను.

శ్రీముఖలింగం

తిలారులో దిగి, కొంత బస్సులో, కొంత ఎడ్లబండి మీద శ్రీముఖలింగం చేరాను. వంశధార ఆ నెలలో సగం ఇసుకే. కూర్మారావు మేనమామ పోలినాయుడు ఏటి ఒడ్డున చోడి, పెసర పండించే రైతు. నేనెవరో పూర్తిగా వినకుండానే కాళ్లకు నీళ్లిచ్చి భోజనానికి కూర్చోబెట్టాడు. ఇక్కడ నీళ్లిచ్చారు, ఎందుకంటే నేను తప్పు మోసుకొచ్చినవాణ్ణని ఆయనకు తెలియదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు. మా వైపు పనసను పండుగా తింటాం, ఇక్కడ పొట్టు కొట్టి కూర వండితే దాని ముందు వంకాయ దిగదుడుపే. ఆ రుచి ఇప్పటికీ గుర్తుంది. దాంతోపాటు ఆయన మాటలూ గుర్తున్నాయి.

"ఇస్కూలు మేస్టరు పని ఆడికోసం అట్టేపెట్టినారు బాబూ, బియ్యే అయితే సాలని. తప్పినాడని తెలిసీసరికి ఉంకోడికి ఇచ్చీసినారు. ఆ పొద్దు నానూ నవ్వినాను. 'ఏటి బియ్యేగారూ' అనీసి నలుగుర్లో పిలిసినాను. ఆడు అన్నం కాడనుంచి లేసిపోనాడు." పోలినాయుడు గొంతు తగ్గింది. "నా నోరే నాకు పగ. మల్లీ ఈ గడప తొక్కనేదు."

భోజనమయ్యాక గుడికి తీసుకెళ్లాడు. లింగం మీద చెక్కిన ముఖాన్ని దీపం వెలుగులో చూపించాడు. "మా దేవుడికి మొకమున్నాది సూడండి. కోపమొచ్చినా, కట్టమొచ్చినా ఎదురుగా ఎల్లి అడుగుతాం. మావోడిని తప్పించినోడి మొకం ఎలగుంటాదో తెలిస్తే, ఆడు ఎల్లి జగడమాడీసి ఇంటికొచ్చీసును. మొకం తెల్దు కాబట్టి ఊరొగ్గీసి పోనాడు." నా వైపు తిరిగి, "తప్పించినోడు ఎవులో మీ ఆపీసులో తెల్సిందా?" అన్నాడు.

"విచారణ జరుగుతోంది" అన్నాను. దేవుడి ముఖం ముందు నిలబడి ఆఫీసు భాష మాట్లాడాను. పోలినాయుడు దాన్ని నమ్మి, తల ఊపి, కూర్మారావు సాలూరులో లారీల దగ్గర లోడు గుమస్తాగా ఉన్నాడని చెప్పాడు. దారిలో తినమని బెల్లం ముక్క ఇచ్చాడు. దాన్ని తినబుద్ధి కాలేదు.

సాలూరు

విజయనగరం మీదుగా బొబ్బిలి, అక్కడ బండి మారి సాలూరు. ఆ రోజుల్లో ఏజెన్సీ వైపు పోలీసులు ఎక్కువగా తిరుగుతున్నారు. స్టేషను బయట ఒక కానిస్టేబులు నా సంచీ విప్పించి నోటుపుస్తకం తీశాడు. నేను మిగుల్చుకున్న పేజీల్లో ఒకచోట 'తీర్పు చెప్పే అధికారం ఎవరిది' అని ఉంది. అది చూసి మొహం మార్చాడు. తరవాత పొట్లం దొరికింది.

"ఇదేటి?"

"ఉప్పు."

"ఉప్పా? సాలూరులో ఉప్పు దొరకదనీసి తెచ్చుకున్నావా?"

అతను నాలిక మీద వేసి చూసి, ఉప్పే అని తేల్చుకుని, ఇంకో రెండు చిటికెలు గాలిలో దులిపి పొట్లం తిరిగి ఇచ్చాడు. నేను తినవలసిన ఉప్పు అతను తినేశాడని అప్పుడు నవ్వొచ్చింది. ఈ యాత్రలో నవ్వింది అదొక్కసారే.

సాలూరులో ఎటు చూసినా లారీలే. రోడ్డు పొడుగునా విప్పిన ఇంజన్లు, టైర్ల వాసన, వెనక నీలంగా కొండలు. చింతపండు బస్తాలు ఎక్కుతున్న ఒక లారీ దగ్గర కాగితం పట్టుకుని లెక్క రాస్తున్న సన్నటి మనిషిని చూపించారు. కళ్లజోడు ఒక కాడ దారంతో కట్టి ఉంది. కూర్మారావు అతనే. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పి కాగితం ఇచ్చాను. బస్తా మీద కూర్చుని చదివాడు. మొదట పైనుంచి కిందికి, తరవాత కిందినుంచి పైకి.

"అరవై రెండా?" అన్నాడు. "మేస్టారూ, నా జవాబులు మీరు సూసినారా?"

డిసెంబరులో చూశానన్నాను. బాగున్నాయన్నాను.

"మూడో జవాబులో ఉప్పు ఉదారణ రాసినాను. తెల్లగా మెరిసిందల్లా ఉప్పనీసి, తర్కంలో సెప్పే అనుమానం కడితే ఎక్కడ తప్పుతాదో, అది."

"అది అన్నిటికన్నా బాగుంది."

అతను చేతిలో కాగితం మడిచాడు. "అదే తప్పనుకున్నాను. ఎనిమిది నెల్లు రోజూ ఎతికినాను, తప్పెక్కడుందా అనీసి. దొరికింది కూడా మేస్టారూ. ఒకటి కాదు, నాలుగు తప్పులు దొరికినాయి." కాగితం మళ్లీ విప్పాడు. "లేని తప్పులు ఎలగ దొరికినాయి నాకు?"

నా తొమ్మిది ప్రశ్నలకూ దీనితో జవాబు వచ్చేసింది, అడగకుండానే. గడియారం అరగంట ముందుందని తెలిస్తే మనిషి అరగంట తీసేసుకుంటాడు. ఎన్నడూ తప్పదని నమ్మినదాని ముందు తనలోంచి తీసేసుకుంటాడు.

"నరసమ్మ సెప్పింది" అన్నాడు. "నువ్వు తప్పనేదు, ఆలే ఎక్కడో తప్పినారు అంది. నా సదువు కోసం రెండు మడులు గీసిన మనిసి అది. నాను ఏటన్నానో తెల్సా? 'మిషను అబద్ధమాడదు, మడి గీసీదానివి నీకేటి తెల్సు' అన్నాను. కొఠారంతా ఇన్నారు. ఎనకేసుకొచ్చిందని దాన్ని సూసి నవ్వినారు. ఆ మాటన్న నోటితో మల్లీ దాని సేతి కూడు తినడానికి సిగ్గనిపించి ఎలిపొచ్చీసినాను."

ఇక దాచడం నా వల్ల కాలేదు. "కూర్మారావుగారూ, యంత్రం కొట్టిన పట్టీ సరిచూడవలసినవాణ్ణి నేను. చూడలేదు. చూడకుండా సంతకం పెట్టాను. నా చెయ్యి తప్పింది" అన్నాను. పొట్లం విప్పాను.

అతను నా మణికట్టు పట్టుకుని ఆపాడు. కోపంగా కాదు. కాటా వంకరగా ఉంటే ఆపే మనిషిలా.

"ఇక్కడొద్దు మేస్టారూ. ఇక్కడ తింటే నాకు సరిపోతాది, దానికి సరిపోదు. మాట పడింది అది. దాని గడప కాడ, కొఠారంతా ఇనీలాగ సెప్పాల. కాగితం కూడా దాని సేతికే ఇయ్యండి. అది నీల్లిచ్చిన పొద్దు ఒక కబురెట్టండి, ఆ పొద్దే బండెక్కుతాను."

"మీరూ నాతో రండి. ఇద్దరం కలిసి పోదాం."

అతను తల అడ్డంగా ఊపాడు. "మీ పక్కన నాను నిలబడితే అది మొగుణ్ణి సూసి నీల్లిచ్చీస్తాది. అలగ కాదు. ముందు మీరు. తరవాత నాను తినాల్సిన ఉప్పు నాకున్నాది."

డ్రైవరు హారన్ కొట్టాడు. కూర్మారావు లేచి, కాగితం మళ్లీ కవరులో పెట్టి నా సంచీలో అతనే వేశాడు. లారీ కదిలేముందు కిటికీలోంచి వంగి, "బేగి ఎల్లండి మేస్టారూ. ఆనలు పడితే కొఠారు కాడ ఎవులూ ఉండరు, ఇనీవోలు నేరు" అన్నాడు.

మళ్లీ విజయనగరం

ఐదో రోజు పొద్దున అదే హోటల్లో, అదే బల్ల దగ్గర కూర్చున్నాను. నౌపడ వైపు పోయే పాసింజరు ముందు వస్తుంది. నా ఊరు వైపు పోయే మెయిలు తరవాత. సెలవు ఇంకా ఒక రోజు మిగిలే ఉంది. డబ్బూ ఉంది. ఈ రెండూ లేవని రాయాలని చాలా అనిపించింది గాని, రాయను.

పాసింజరు వచ్చింది. నేను ప్లాట్‌ఫారం మీదికి వెళ్లాను. పెట్టె తలుపు పట్టుకున్నాను కూడా. లోపల ఒక గంపావిడ జరిగి చోటిచ్చింది. ఆమె ఆ పొద్దటి మనిషి కాదు. కాని రేపు ఏ గంపావిడ నోట వింటే నా పేరు ఎలా వినపడుతుందో ఆ క్షణంలో తోచింది. తప్పించిన మేస్టరు. ఆ రెండు మాటలూ ఆమదాలవలస, పొందూరు దాటి మా కాలేజీ దాకా నడిచొచ్చేస్తాయనిపించింది. కూర్మారావు ఎనిమిది నెలలు మోసినదాన్ని నేను ఒక్క పొద్దు మోయలేకపోయాను. తలుపు వదిలేశాను. బండి కదిలింది.

గోడ గడియారం చూసుకుని పొరబడ్డాననీ, బండి తప్పిపోయిందనీ చెప్పుకుందామనుకున్నాను. కాని అరగంట తీసివేయడం నాకు వచ్చు.

ఇంటికొచ్చి మూడో అధ్యాయం తిరగరాశాను. తుఫాను మాట కొట్టేసి, నౌపడ ఆచారం వివరంగా రాశాను. నోరున్నవాడే ఉప్పు తినాలన్న లచ్చయ్య మాటతో అధ్యాయం ముగించాను. ఆచార్యులుగారు చదివి, "ఈ ఒక్క ఉదాహరణతో మీ గ్రంథం నిలబడింది" అని భుజం తట్టారు. అందులో కాటా మనిషి ఉన్నాడు, కాటా ఉంది, తుప్పు ఉంది. పట్టీ లేదు, సంతకం లేదు.

మార్కుల కాగితం నరసమ్మ పేర రిజిస్టరు చేసి పంపాను. మూడు వారాలకు కవరు తిరిగొచ్చింది. మొదటి రెండుసార్లూ చిరునామాదారు లేడని రాశారు. ఈసారి పోస్టుమాన్ పెన్సిలుతో ఇంకో మాట రాశాడు. మనిషి ఉంది, పుచ్చుకోలేదు.

నైరుతి ఇంకో నెలలో వస్తుంది. మడులు నీళ్లతో నిండిపోతాయి, కొఠారు మూతపడుతుంది. కూర్మారావు ఇప్పుడు ఏ ఘాట్ రోడ్డు మీద ఏ కబురు కోసం చూస్తున్నాడో నాకు తెలుసు. కవరు నా బల్ల మీదే ఉంది, పక్కన పొట్లం. నిన్న కవరు వెనక్కి తిప్పి చూశాను. పంపినవారు అన్నచోట నా చేతిరాత ఉండాలి. అక్కడ ఆఫీసు ముద్ర ఉంది. అది నేనే కొట్టించాను.